ఈ గుండ్లను ఎవరు పేర్చారు?

మీ దగ్గర యాభై రూపాయల నోటు ఉంటే బయటికి తీయకుండా ఒక్క నిమిషం ఆలోచించండి. దాని వెనుక వైపు ఏ కట్టడం బొమ్మ ఉంది? ముందు వైపు గాంధీగారు ఉన్నారని అందరూ చెప్పగలరు. వెనుక సంగతి అడిగితే చాలామంది ఆగిపోతారు. అది హంపిలోని రాతిరథం. 2017 నుంచి ఆ నోటు మన చేతులు మారుతూనే ఉంది, దాన్ని లెక్కపెడుతున్నాం, మడతపెడుతున్నాం. అయినా ఆ రథం మన కంట్లో పడలేదు.

మతిమరుపుకు దీనితో సంబంధం లేదు. 1979లో రేమండ్ నికర్సన్, మార్లిన్ ఆడమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికన్లను పిలిచి, వాళ్ళు పుట్టినప్పటి నుంచి వాడుతున్న ఒక సెంటు నాణేన్ని గుర్తున్నంత మేరకు గీయమన్నారు. నాణెం మీద ఉండే ముఖ్యమైన వివరాల్లో సగం కూడా చాలామంది సరిగ్గా వేయలేకపోయారు. 2012లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఇంకో ప్రయోగం జరిగింది. ఒక భవనంలో పనిచేసే ఉద్యోగులను పిలిచి, మీ గదికి అతి దగ్గరలో ఉన్న మంటలార్పే సిలిండర్ ఎక్కడుందని అడిగారు. ఎర్రగా గోడకు వేలాడే ఆ వస్తువు పక్క నుంచే వాళ్ళు రోజూ నడుస్తారు. సరిగ్గా చెప్పగలిగినవాళ్ళు నాలుగో వంతు కూడా లేరు. వెతకమంటే మాత్రం క్షణాల్లో కనిపెట్టారు.

కళ్ళ ముందున్నదంతా మనకు కనిపిస్తుందని అనుకుంటాం. మన నాడీమండలం అలా పనిచేయదు. మార్పు లేనిదాన్ని పక్కన పెట్టడం దాని మొదటి స్వభావం. స్విట్జర్లాండ్ వైద్యుడు ఇగ్నాజ్ ట్రాక్స్‌లర్ 1804లోనే ఒక సంగతి గమనించాడు. ఒక బిందువు మీద చూపు కదలకుండా నిలిపితే, పక్కన ఉన్న మసక బొమ్మలు కొన్ని క్షణాల్లో మాయమైపోతాయి. మన కళ్ళు మనకు తెలియకుండానే సన్నగా అదురుతూ ఉంటాయి కాబట్టి మామూలుగా ఇలా జరగదు. 1950లలో శాస్త్రవేత్తలు ఒక ఏర్పాటు చేశారు. కన్ను కదిలినా దానితోపాటే బొమ్మ కూడా కదులుతుంది, అంటే రెటీనా మీద బొమ్మ ఒకే చోట పడుతుంది. కళ్ళు తెరిచే ఉన్నా ఎదుటి బొమ్మ కాసేపటికి చెరిగిపోయింది.

ఎరిక్ కాండెల్ అనే శాస్త్రవేత్త ఈ అలవాటుపడటాన్ని నాడీకణాల స్థాయిలో చూపించారు. ఆయన ఎంచుకున్న జీవి అప్లీసియా అనే పెద్ద సముద్రపు నత్త. దాని గొట్టం లాంటి అవయవాన్ని మెల్లగా తాకితే మొప్పను లోపలికి ముడుచుకుంటుంది. మళ్ళీ మళ్ళీ తాకితే ముడుచుకోవడం తగ్గుతూ పోతుంది. కండరం అలిసిపోయి కాదు. స్పర్శను మోసుకొచ్చే నాడీకణం తర్వాతి కణానికి అందించే రసాయనం తగ్గిపోతుంది. అప్పుడు దాని తోక మీద ఒక్క చురుకు తగిలిస్తే, మందగించిన స్పందన తిరిగి లేస్తుంది. ఈ తరహా పరిశోధనలకే కాండెల్ 2000లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

మనిషి సంగతి ఇంకాస్త చిక్కు. రష్యా శాస్త్రవేత్త యెవ్‌గెనీ సొకొలోవ్ మెదడు తన పరిసరాల నమూనా ఒకటి లోపల కట్టుకుంటుందని ప్రతిపాదించారు. వచ్చే సంకేతం ఆ నమూనాతో సరిపోతే మెదడు దాన్ని వదిలేస్తుంది. సరిపోకపోతే ఉలిక్కిపడి అటు తిరుగుతుంది. ఫ్యాన్ తిరుగుతున్నంతసేపూ దాని చప్పుడు వినిపించదు, కరెంటు పోగానే ఆ చప్పుడు లేకపోవడం వినిపిస్తుంది. చప్పుడు ఆగిపోవడానికి కూడా మెదడు స్పందించిందంటే, అంతసేపూ లోపల దాని కోసం ఎదురుచూస్తూ ఉందన్నమాట. మన వీధి, మన గుట్ట, మన చెరువు ఆ నమూనాలో భాగాలైపోయాక వాటిని చూడాల్సిన అవసరం మెదడుకు ఉండదు.

ఊరికి కొత్తగా వచ్చిన స్నేహితుడి దగ్గర మాత్రం ఆ నమూనా లేదు.

నా చిన్ననాటి స్నేహితుడు కోనసీమలో ఉంటాడు. మొన్న హైదరాబాద్ వచ్చినప్పుడు ఖాజాగూడ వైపు తీసుకెళ్ళాను. దారిలో కారు ఆపమని, అద్దం దించి, గుట్ట మీద ఒకదాని నెత్తిన ఒకటి నిలబడ్డ బండరాళ్ళను చూసి అడిగాడు: "ఏరా, ఈ గుండ్లన్నీ ఇలా ఎవడు పేర్చాడురా?"

ఈ ఊరు మొదటిసారి చూసినవాళ్ళు చాలామంది ఈ మాటే అడుగుతారు. వాడి నోట వినడంలో ఇంకో విశేషముంది. వాడి ఊళ్ళో గునపం ఎంత లోతు దిగినా రాయి తగలదు. గోదావరి మోసుకొచ్చి పరిచిన ఒండ్రు తప్ప మరొకటి లేని నేల అది. రోడ్డుకు వేసే కంకర కూడా బయటి నుంచే రావాలి. అలాంటి కంటికి ఇంటికన్నా పెద్ద గుండు చిన్న మొన మీద ఆగి ఉండటం నమ్మశక్యం కాలేదు.

పేర్చినవాళ్ళెవరూ లేరు. ఆ గుండ్లు ఎక్కడి నుంచో దొర్లి రాలేదు. పుట్టినచోటే ఉన్నాయి, చుట్టూ ఉన్నదే వెళ్ళిపోయింది.

దాదాపు 250 కోట్ల ఏళ్ళ క్రితం, భూమి లోపల కిలోమీటర్ల లోతున, కరిగిన శిలాద్రవం చాలా నెమ్మదిగా చల్లారింది. నెమ్మదిగా చల్లారితే స్ఫటికాలు పెరగడానికి వ్యవధి దొరుకుతుంది. అందుకే ఈ గ్రానైట్‌ను దగ్గరగా చూస్తే గింజలు విడివిడిగా కనిపిస్తాయి: గులాబీ రంగుది ఫెల్డ్‌స్పార్, బూడిద రంగులో తళుక్కుమనేది క్వార్ట్జ్, నల్లటి రేకులు బయోటైట్. ఈ రాయి గట్టిపడే నాటికి భూమి మీద ఉన్న ప్రాణమల్లా సూక్ష్మజీవులే. గాలిలో ఆక్సిజన్ దాదాపు లేదు. డైనోసార్లు రావడానికి ఇంకా 220 కోట్ల ఏళ్ళకు పైగా ఉంది. హిమాలయాలు ఈ రాళ్ళ పక్కన నిన్నగాక మొన్న పుట్టినవి.

కోట్ల ఏళ్ళలో పై పొరలు అరిగిపోయాయి. మీద బరువు తగ్గేసరికి బండ సాగింది, సాగి పగిలింది. పగుళ్ళు నిలువుగా, అడ్డంగా వచ్చి రాతిని పెద్ద పెద్ద దిమ్మెలుగా విడగొట్టాయి. అప్పటికి అదంతా ఇంకా నేల కిందే ఉంది. వాన నీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని బలహీనమైన ఆమ్లంగా మారి ఆ పగుళ్ళలోకి దిగింది. ఆ ఆమ్లం ఫెల్డ్‌స్పార్‌ను బంకమట్టిగా మార్చేస్తుంది. క్వార్ట్జ్ గింజలను ఏమీ చేయలేదు, అవి ఇసుకలా మిగులుతాయి. ఈ రెండూ కలిసిందే మనం పునాదులు నింపడానికి, బాటలు వేయడానికి తోలించుకునే మొరం.

ఇక దిమ్మె గుండ్రమయ్యే తీరు నాకెంతో ఇష్టమైన ఘట్టం. చదునైన ముఖం మీద నీరు ఒక వైపు నుంచే పనిచేస్తుంది. అంచు మీద రెండు వైపుల నుంచి, మూల మీద మూడు వైపుల నుంచి పనిచేస్తుంది. కాబట్టి మూలలు ముందు కరుగుతాయి, తర్వాత అంచులు. పటికబెల్లం ముక్క నోట్లో వేసుకున్నవాళ్ళెవరికైనా ఈ లెక్క నాలుకకు తెలుసు. ఇదంతా వెలుతురు తగలని చోట, మట్టి కింద జరిగిపోయింది. గాలీ ఎండా చెక్కాయనుకునే ఆ గుండ్రని రూపం చాలా వరకు పాతాళంలోనే తయారైంది. ఆ తర్వాత వానలు, వాగులు మెత్తటి మొరాన్ని కొట్టుకుపోయాయి. మధ్యలో కరగకుండా మిగిలిన గట్టి గుండ్లు ఉన్నవి ఉన్నట్టుగా ఒకదాని మీద ఒకటి ఒదిగాయి. పై గుండు అడుగు, కింది గుండు నెత్తి ఒకప్పుడు ఒకే బండలో ఒక పగులుకు అటూ ఇటూ ఉన్నవే. అందుకే ఆ నిలకడ.

దీనికి సాక్ష్యం కావాలంటే నగరంలో ఏదైనా కొత్త కట్టడానికి సెల్లారు తవ్వే గుంట అంచున నిలబడి చూస్తే చాలు. తెగ్గోసిన మొరం గోడలో సగం గుండ్రమైన బండలు ఇరుక్కుని కనిపిస్తాయి. అవి ఇంకా బయటపడని గుట్టలు. మా వాడు అలాంటి గుంట ఒకటి చూసి, "మా నేల ఎక్కడి నుంచో వచ్చి చేరింది. మీ నేల పోగా మిగిలింది" అన్నాడు. ఆ రెండింటికీ చుట్టరికం కూడా ఉంది. హైదరాబాద్ గుట్టల మొరం మూసీలో పడి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మెదక్, కరీంనగర్ గుట్టల మొరం మంజీర, మానేరుల మీదుగా గోదావరికి చేరుతుంది. కోనసీమ ఒండ్రులో పెద్ద పాలు పశ్చిమాన ఉన్న నల్లరాతి పీఠభూమి నుంచి వచ్చినదే. అయినా వాడి కొబ్బరితోట మట్టిలో ఈ గులాబీ రాయి వంతు కొంత తప్పక ఉంటుంది.

వాడు అడిగేదాకా ఆ గుట్ట దగ్గర ఆగాలని నాకు తోచలేదు. చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం వరసగా అనుకుని పెట్టుకున్నాం, గుట్టలు ఆ వరసలో లేవు. దీన్నీ కొలిచి చూసినవాళ్ళున్నారు. 2014లో ట్రాయ్ క్యాంప్‌బెల్, ఎడ్ ఓబ్రయన్, వారి సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. ఒకే చిత్రాన్ని, ఒకే జోకును మళ్ళీ మళ్ళీ చూసినవాళ్ళకు దాని మీద స్పందన తగ్గిపోతుంది, అది తెలిసిందే. ఆ తర్వాత, ఇది మొదటిసారి చూసేవాళ్ళకు ఎలా ఉంటుందని అడిగితే, వాళ్ళకూ పెద్దగా ఏమీ అనిపించదనే చెప్పారు. మన మొద్దుబారిన చూపును ఎదుటివాడి కంటికి కూడా అంటగడతామన్నమాట. అతిథికి ఏం చూపించాలో నిర్ణయించేది ఆ చూపే కాబట్టి, ఊళ్ళో అసలైన వింతలు చాలాసార్లు జాబితాలోకి రావు.

ఇంకొకటి ఉంది. రోజూ చూసేదాని గురించి మనకు బాగా తెలుసని గట్టిగా నమ్ముతాం. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన లియోనిడ్ రోజెన్‌బ్లిట్, ఫ్రాంక్ కీల్ 2002లో ఈ నమ్మకాన్ని పరీక్షించారు. జిప్పు, తాళం, మరుగుదొడ్డి ఫ్లష్ ఎలా పనిచేస్తాయో మీకెంత తెలుసని అడిగితే జనం తమకు తాము మంచి మార్కులే వేసుకున్నారు. సరే, అంచెలంచెలుగా వివరించండి అన్నాక మళ్ళీ మార్కులు వేసుకోమంటే అవి పడిపోయాయి. వివరించాల్సి వచ్చినప్పుడే తెలిసినదానికీ చూసినదానికీ తేడా బయటపడుతుంది. ఇంట్లోవాళ్ళెవరూ మనను వివరించమని అడగరు, వాళ్ళూ మనంత అలవాటుపడ్డవాళ్ళే. అడిగేది అతిథే. 'ఎవడు పేర్చాడు' అన్న ప్రశ్నకు 'ప్రకృతి' అని ఒక్క మాటతో తప్పుకోవచ్చు. కానీ స్నేహితుడు ఊరుకోడు. "అలాగైతే గుండ్రంగా ఎందుకుంది? పడిపోదా?" అని తగులుకుంటాడు. ఆ తగులుకోవడమే మేలు చేస్తుంది.

కలిసి చూడటానికి కూడా ఒక బలం ఉంది. ఎరికా బూత్‌బీ, మార్గరెట్ క్లార్క్, జాన్ బార్గ్ అనే పరిశోధకులు 2014లో ఇద్దరేసి మనుషులకు చాక్లెట్లు రుచి చూపించారు. మాటా పలుకూ లేదు. ఇద్దరూ ఒకే సమయంలో ఒకే చాక్లెట్ తిన్నప్పుడు, పక్కవాళ్ళు వేరే పనిలో ఉన్నప్పటికన్నా అది ఎక్కువ బాగుందన్నారు. చేదు చాక్లెట్ పెట్టినప్పుడు అది ఇంకా తక్కువ నచ్చిందన్నారు. పక్కమనిషి దృష్టి కూడా అక్కడే ఉందని తెలియగానే మన దృష్టి చిక్కబడుతుంది, మంచైనా చెడైనా దాని రుచి పెరుగుతుంది. తర్వాతి ప్రయోగాల్లో దగ్గరి మనుషులతో కలిసి చూసిన ఫొటోలు ఇంకా బాగున్నాయన్నారు.

చేదు మాట ఎందుకు ఎత్తానంటే, ఆ రోజు మాకు రెండూ కనిపించాయి. గుండ్ల మీద పాకిన బూడిద రంగు లైకెన్ మచ్చలు, వాన నీరు నిలిచిన దొనలు, రాళ్ళ సందుల్లో ఎవరూ నాటకుండా పెరిగిన సీతాఫలం చెట్లు, తాళ్ళు కట్టుకుని బండలెక్కుతున్న కుర్రాళ్ళు. వాటి పక్కనే, పేల్చి నిలువునా కోసిన రాతి ముఖాలు, గుండు మీద పెయింటుతో రాసిన ఫోన్ నంబర్లు, చెత్త కుప్పలు. ఆ కోతల పక్క నుంచి నేను ఎప్పుడూ వెళుతూనే ఉన్నాను. అతిథి పక్కన ఉండగా చూసినప్పుడు కలిగిన బాధ మాత్రం కొత్తది. 250 కోట్ల ఏళ్ళ రాయి పేలుడు మందుతో ఒక పూటలో కంకర అవుతుంది, మళ్ళీ తయారు కాదు. ఈ నగరంలో సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ 1996 నుంచి ఈ రాళ్ళ కోసం పాటుపడుతోంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలోని పుట్టగొడుగు రాయి వంటి కొన్ని శిలలు వారసత్వ జాబితాకు కూడా ఎక్కాయి. ఎక్కనివి ఎన్నో. జాబితాలో పేరు పడాలంటే ముందు ఎవరో ఒకరు ఆగి చూడాలి కదా.

యాభై నోటు మీది రథం కూడా ఈ కుటుంబానిదే. హంపి గుట్టలదీ హైదరాబాద్ గుట్టలదీ ఒకే ప్రాచీన శిలాఖండం, భూగర్భ శాస్త్రజ్ఞులు ధార్వాడ్ క్రేటాన్ అంటారు. విజయనగర శిల్పులు ఆ గ్రానైట్ దిమ్మెలతోనే విఠ్ఠలాలయం ముందు రథాన్ని నిలబెట్టారు. హంపి చూడటానికి మనం రాత్రి బస్సెక్కి వెళతాం, గుండ్ల ముందు నిలబడి ఫొటోలు దిగుతాం. అక్కడ మనమే అతిథులం కాబట్టి రాళ్ళు కనిపిస్తాయి.

స్నేహితుడు వెళ్ళిపోయాక ఈ చూపు ఎంతకాలం నిలుస్తుంది? ఒట్టి కొత్తదనం వల్ల వచ్చిన మెలకువైతే ఎక్కువ కాలం నిలవదు. చురుకు తగిలిన నత్త కూడా కాసేపటికి మళ్ళీ అలవాటుపడుతుంది. కానీ కంటికి ఇంకో దారి ఉంది. ఎలినోర్ గిబ్సన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఇంద్రియాలు నేర్చుకుంటాయని చూపించారు. ముందు ఒకటిగా కనిపించినదాంట్లో అభ్యాసం వల్ల తేడాలు విడివిడిగా కనిపించడం మొదలవుతుంది. నేత పని తెలిసినవాళ్ళకు బట్టలో పోగులు కనిపించేది అందుకే. రాయి మీద గులాబీ గింజ ఏమిటో, నల్లరేకు ఏమిటో తెలిసినవాడికి ప్రతి గుండూ వేరు. పక్క గుండు మీద గింజలు పెద్దవెందుకో, ఇక్కడ పొరలుగా ఎందుకు లేచిందో, ఆ సన్నటి తెల్లచార ఎలా వచ్చిందో అని ప్రశ్నలు పుడుతూనే ఉంటాయి. మెదడు కట్టుకున్న నమూనా ఇక ఎప్పటికీ పూర్తి కాదు. అతిథి తెచ్చిన ప్రశ్నకన్నా, దాని వెంటపడి మనం తెలుసుకున్నది ఎక్కువ కాలం పనిచేస్తుందని నా నమ్మకం.

తర్వాత నేను కోనసీమ వెళ్ళినప్పుడు నా వంతు వచ్చింది. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులు చూపించాడు. సినిమాల్లో కనిపించే చోటని మాత్రమే చెప్పి ముందుకు నడవబోయాడు. గుట్టల ఊరివాణ్ణి కదా, నాకు ఆ నేలంతా బల్లపరుపుగా కనిపిస్తోంది. "ఇంత చదునైన చోట లాకులెందుకురా? ఎక్కుడు దిగుడు ఉంటేనే కదా లాకు కావాలి?" అని అడిగాను. వాడు ఆగాడు.

లాకులు పడవల కోసం. కాలువ ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దిగేచోట రెండు తలుపుల మధ్య నీళ్ళు నింపి, వదిలి, పడవను దించుతారు లేదా ఎక్కిస్తారు. కాలువలు సరుకుల దారులుగా ఉన్న రోజుల్లో అవి లేకపోతే ప్రయాణం సాగదు. అంటే ఆ నేల చదునుది కాదు, ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా సన్నగా వాలి ఉంది. 1847 నుంచి 1852 దాకా ఆర్థర్ కాటన్ ఆనకట్ట కట్టించి కాలువలు తీయించినప్పుడు లెక్కంతా ఆ వాలు మీదే నడిచింది. ఇంకో వాలు కూడా ఉంది, అది ఇంకా కంటికి ఆనదు. వరద పొంగి గట్టు దాటగానే నీటి వేగం తగ్గుతుంది, బరువైన ఇసుక, మట్టి ఏటి ఒడ్డునే పడిపోతాయి, సన్నటి బురద దూరంగా పోతుంది. అందుకే డెల్టాలో ఏటి ఒడ్డు మెరక, దూరం వెళ్ళేకొద్దీ పల్లం. సాగునీటి కాలువ మెరక మీద నడుస్తుంది, చేలు తడిపిన నీరు పల్లంలోని మురుగు కాలువలోకి దిగుతుంది. ఏ మోటారూ లేకుండా నీళ్ళు పారేది అందువల్లే.

ఇది చెబుతూ చెబుతూ వాడు తన తోటలో వాన నీరు ఏ మూలకు చేరుతుందో గుర్తు తెచ్చుకున్నాడు. ఆ మూల కొబ్బరి చెట్లకు ఎప్పుడూ కాపు తక్కువట. "పద, ఎంత పల్లమో చూద్దాం" అంటూ బండి తిప్పాడు.